మూడోసారి చట్నీ

రేపల్లె. మధ్యాహ్నం పన్నెండున్నర. కూతురికి వచ్చిన సంబంధం గురించి వాకబు చేయడానికి పొద్దున తెనాలి వెళ్లిన లెక్కల మాస్టారు విజయసారథి ఇప్పుడే ఇంటికొచ్చాడు. ఎదురుగా భార్య సుశీల.

“తాళం వేసుందంటే, ఏ తాళం?”

“ఏ తాళమేంటి సుశీలా? తాళం. ఇనపది. అబ్బాయి వాళ్లు ఊళ్లో లేరు, తలుపుకి తాళం వేసుంది. అంతే.”

“శ్రీకర్ వాళ్లింటికి ముందు గేటుందట కదండీ. తాళం గేటుకా, తలుపుకా?”

“రెంటికీ. జాగ్రత్త గల మనుషులు. అది మంచి గుణమేగా, రాసుకో.”

“గేటు తాళం తియ్యకుండా తలుపు తాళం మీకెలా కనపడింది?”

“...కాసిని మంచినీళ్లిస్తావా?”

“ఇదిగో. రైల్లో వస్తానని బస్సులో దిగారేంటి?”

“రైలు లేటు.”

“టైముకే వచ్చింది. పక్కింటి రత్నం గారు అందులోనే దిగారు.”

“నేను చూసినప్పుడు లేటుగా వచ్చే రైల్లా కనపడింది.”

“కౌముది గుంటూరు నుంచి మూడుసార్లు ఫోన్ చేసింది. నాన్న వచ్చాడా, ఏమన్నాడు అని. ఆఫీసులో పని మీద మనసు నిలవట్లేదట దానికి.”

“స్నానానికి వెళ్లానని చెప్పు.”

“మూడుసార్లా?”

“ప్రయాణం చేసొచ్చాను. దుమ్ము.”

“ఏవండీ, ఇటు చూడండి. ఆదివారం వాళ్లు మనింటికి రావాలి. పిల్ల ఏరి కోరి ఇష్టపడింది. మిమ్మల్ని పంపింది ఒకే ఒక్క పనికి. వాళ్లెలాంటి మనుషులో చుట్టుపక్కల నలుగుర్ని గుట్టుగా అడిగి రమ్మని. ఎవర్ని అడిగారు?”

“అడగడానికి ముందు ఆకలేసింది. పొద్దున గ్యాస్ అయిపోయిందని టిఫిన్ పెట్టకుండా పంపావు, గుర్తుందా? అంతా అక్కడే మొదలైంది.”

“ఏంటి మొదలైంది?”

“ఏమీ లేదు. ఆకలి.”

“మరి తిన్నారా ఎక్కడన్నా?”

“నువ్వు చెప్పిన గుర్తేగా, మార్కెట్ దగ్గర సుబ్బాయమ్మ గారి హోటల్ పక్క సందు అని. సందులోకి తిరగబోతుంటే పోపు వాసన కొట్టింది. ఇంక కాళ్లు నా మాట వినలేదు. వెళ్లి కూచుని ప్లేటిడ్లీ చెప్పాను.”

“మంచి పని చేశారు. తిని బయటికొచ్చారు.”

“వస్తే బావుండేది. తలెత్తితే గోడ మీద బోర్డు. కొత్తది. ‘చట్నీ, సాంబారు రెండుసార్లు మాత్రమే. కారప్పొడి ఒక్కసారే.’”

“అయ్యో.”

“చూశావా, నీకూ అయ్యో అనిపించింది. ఇదివరకు ఏ హోటల్లోనైనా బకెట్ పట్టుకుని తిరిగేవాళ్లు. చెయ్యి అడ్డం పెడితే వేళ్ల మీద పోసేవాళ్లు. ఇప్పుడు గిన్నె. ఎంత గిన్నె? కౌముది చిన్నప్పుడు లక్కపిడతలతో ఆడుకునేది చూడు, అందులోది.”

“ఈమధ్య అన్నిచోట్లా అంతేగా. బాపట్లలో ఆ మెస్సులో రెండో పెరుగు ఆపేశారని మీరే వచ్చి రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు.”

“అది వేరు. పెరుగు విషయంలో నేను మౌనంగా బాధపడ్డాను.”

“మౌనంగానా! పిట్టలవానిపాలెంలో ఎవరో పెళ్లికి పిలిస్తే, పంక్తిలో కూచుని వాళ్లకి ఆ మెస్సు గురించి చెప్పారు.”

“పెరుగు వడ్డిస్తుంటే గుర్తొచ్చింది. సందర్భం.”

“సరే, ఇడ్లీ సంగతి చెప్పండి. రెండిడ్లీలకి రెండుసార్లు చట్నీ చాలదా?”

“నా సంగతి తెలిసే అడుగుతున్నావు. మొదటి ఇడ్లీకే చట్నీ అయిపోతుంది. రెండో ఇడ్లీకి పోయించుకుంటే ఇడ్లీ అయిపోయి చట్నీ మిగులుతుంది. మిగిలింది కదా అని ఇంకో ఇడ్లీ చెబుతాను. దానికి చట్నీ చాలదు. ఊహ తెలిసినప్పట్నుంచీ ఇదే తంతు. ఆ రెండూ ఒకేసారి అయిపోయిన రోజు నా జీవితంలో లేదు.”

“ఇరవై తొమ్మిదేళ్లుగా పిల్లలకి నిష్పత్తులు చెబుతున్న మనిషి.”

“ఆ మాట నువ్వు అనక్కర్లేదు. గల్లాపెట్టె దగ్గర కూచున్న పెద్దావిడ హోటల్ మొత్తం వినేలా అంది.”

“మీరు లెక్కల మాస్టారని ఆవిడకెలా తెలుసు?”

“...నేనే చెప్పాను.”

“టిఫిన్ తినడానికి వెళ్లి ఉద్యోగం ఎందుకు చెప్పారు?”

“ఉపన్యాసంలో వచ్చింది.”

“ఉపన్యాసమా!”

“చిన్నది.”

“ఏవండీ, గుట్టుగా అన్నాను నేను.”

“గుట్టుగానే మొదలుపెట్టాను. మూడోసారి చట్నీ అడిగాను, మెల్లగానే. వడ్డించే ఆయన నన్ను చూశాడు, ఆ పెద్దావిడ వంక చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. సరే అనుకున్నా. నియమం నియమమే. నేను మాత్రం బెల్లు కొట్టాక వచ్చినవాణ్ణి క్లాసులోకి రానిస్తానా? కానీ అప్పుడే పక్క టేబుల్ ఆయన చట్నీ అన్నాడు. అది ఆయనకి మూడోసారి. నేను లెక్కపెడుతున్నాను.”

“పక్కవాళ్ల చట్నీలు లెక్కపెడుతున్నారా?”

“వృత్తి.”

“పోశారా ఆయనకి?”

“పోశారు! నిండుగా పోశారు! అక్కణ్ణుంచి నేను నాలో లేను.”

“లేచారా?”

“లేచాను.”

“వేలు చూపించారా?”

“చూపించాను. చట్నీ వేలే.”

“అమ్మో! ఏమన్నారు?”

“‘అమ్మా, కడుపుకి పెట్టే చెయ్యి కొలిచి పెట్టకూడదు. కొలిస్తే అందరికీ ఒకటే కొలత ఉండాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, రెండూ మూడూ సమానమైన లెక్క నాకెక్కడా తగల్లేదు’ అన్నాను. మాట బాగానే కుదిరింది. ఇద్దరు తలూపారు కూడా.”

“దానికి ఆవిడేమంది?”

“‘లెక్కల మాస్టారివా నాయనా? రెండిడ్లీలకి రెండు గిన్నెలు సరిపెట్టుకోలేకపోయావు, పిల్లలకి నిష్పత్తులు ఏం చెబుతున్నావు’ అంది. ఆ తలూపిన ఇద్దరే ముందు నవ్వారు.”

“వడ్డించే ఆయన్నేమన్నా అన్నారా?”

“ఆయన్నెందుకంటాను? ఆయన చేతిలో ఏముంది, గిన్నె తప్ప. ‘నువ్వు వెళ్లు అన్నా, ఇది నాకూ ఆవిడకీ’ అన్నాను. ఎందుకడుగుతున్నావు?”

“ఊరికే. తర్వాత?”

“తర్వాత ఆవిడ గల్లాపెట్టెకి తాళం వేసి, కొంగు దోపుకుని, నన్ను వెనక్కి రమ్మంది.”

“కొట్టడానికా?”

“నేనూ అదే అనుకుని కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. కాదు, ప్లేట్లు కడిగేచోటికి తీసుకెళ్లింది. అక్కడో పెద్ద బకెట్. ‘చూడు మాస్టారూ, ఇంకా తొమ్మిదిన్నరే’ అంది. సగానికి పైగా చట్నీ, సుశీలా. జనం అడిగి మరీ పోయించుకుని వేలన్నా పెట్టకుండా వదిలేసింది. ‘తెల్లారగట్ట లేచి కొబ్బరి కోరుతున్నాను. ఎవరికి కోరుతున్నానంటే, ఇదిగో, ఈ బకెట్‌కి’ అంది. ఆవిడ వేళ్ల నిండా గాట్లు. నిజంగా సిగ్గేసింది.”

“పాపం. సిగ్గేసి వచ్చేశారా?”

“వచ్చేస్తే నేను నేనెందుకవుతాను? సిగ్గేసి లోపలికొచ్చి ఇంకో ఉపన్యాసం ఇచ్చాను.”

“మళ్లీనా! ఈసారి ఎవరి మీద?”

“తినేవాళ్ల మీద. ‘తినేటంతే పోయించుకోండయ్యా, బకెట్ చూస్తే మీకూ నోట మాట రాదు’ అని. ఆ పక్క టేబుల్ ఆయన మూడో గిన్నె ముట్టుకోకుండా లేస్తున్నాడు. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.”

“ఎంగిలి చేత్తోనా?”

“ఆయనదీ ఎంగిలి చెయ్యే. ‘నాకు దక్కనిది నీకు దక్కింది, దాన్నిలా వదిలేసి వెళ్తావా’ అన్నాను. ‘అంత బాధగా ఉంటే నువ్వు తిను’ అన్నాడు.”

“తినలేదు కదా?”

“తినలేదు.”

“ఏవండీ.”

“చెయ్యి వెళ్లింది. ఎంగిలని ఆగింది. అబద్ధమెందుకు, వెంటనే ఆగలేదు.”

“అంటే ముందు ఆవిడతో గొడవ, తర్వాత ఆవిడ తరఫున గొడవ.”

“నువ్వు చెబితే రెండు ముక్కల్లో అయిపోయింది. అక్కడ నలభై నిమిషాలు పట్టింది.”

“మీ తప్పు కూడా కాదులెండి. ఇంట్లో చట్నీ గిన్నె మొత్తం మీ ముందే పెడతాను. ఊరంతా అలాగే పెడుతుందనుకుంటారు. ఇంతకీ మీ ప్లేటు?”

“నా ప్లేటేంటి?”

“అందులో మీరేమన్నా వదిలారా అని.”

“నేనా? ఆ మిగిలిన ఇడ్లీముక్క ఒట్టిదే తిన్నాను. తిని, ప్లేటు ఎత్తి ఆవిడకి చూపించాను. ‘నా బోటివాడికి బోర్డెందుకమ్మా, దీన్ని కడగక్కర్లేదు, తుడిస్తే చాలు’ అన్నాను. నాకేశాననుకుని ఉంటారు జనం.”

“నాకారా?”

“అంచు మాత్రం.”

“బావుంది. పోనీ అక్కడితో అయిపోయిందిగా.”

“అక్కడితో అవలేదు. పుస్తకం ఉంది.”

“ఏం పుస్తకం?”

“గల్లాపెట్టె పక్కన దారం కట్టి వేలాడదీశారు. సలహాలు, ఫిర్యాదులు. బకెట్ చూడక ముందు, ఆ మొదటి కోపంలో, అందులో ఒక పేజీ రాశాను.”

“పేజీ ఏం రాశారండీ చట్నీ గురించి?”

“‘వడ్డనలో పక్షపాతం’ అని పైన పెట్టి కింద రెండు గీతలు గీశాను. తర్వాత మూడు కారణాలు. ఒకటి, గిన్నె చిన్నది. రెండు, బోర్డు అందరికీ ఒకేలా వర్తించట్లేదు. మూడోది కొంచెం ఆవేశంగా వచ్చింది.”

“ఏమొచ్చింది?”

“‘ఈ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారి మనసు కూడా ఈ గిన్నెంతే’ అని.”

“రామరామ! పేరు రాయలేదు కదా?”

“రాశాను. పేరు, ఊరు, స్కూలు, సెల్ నంబరు.”

“సెల్ నంబరా!”

“గడి ఉంది, సుశీలా. గడి ఖాళీగా వదిలితే నాకు నిద్రపట్టదు, నీకు తెలుసు.”

“అదిగో, ఫోన్ మోగుతోంది. కౌముదే.”

“వద్దు, ఎత్తకు. స్నానం.”

“ఇంతసేపు స్నానం చేస్తే కంగారు పడుతుంది పిల్ల. సరే, ఆగిపోయింది. ఇంతకీ వాళ్ల సంగతి ఎవర్నన్నా అడిగారా లేదా?”

“అడిగాను. బయటికొచ్చి కిళ్లీ కొట్టు దగ్గర నిలబడ్డాక నేనొచ్చిన పని గుర్తొచ్చింది. కొట్టాయన్ని పక్కకి పిలిచి, ఎంతో గుట్టుగా, ‘దుగ్గిరాల యార్డులో పసుపు వ్యాపారం చేసే పున్నారావు గారు, వాళ్లబ్బాయి శ్రీకర్, ఎలాంటివాళ్లండీ’ అని అడిగాను.”

“ఏమన్నాడు?”

“నా వెనక్కి చూపించాడు. ‘ఆ గల్లాపెట్టె దగ్గర కూచున్నారే, సుబ్బాయమ్మ గారు, ఆవిడ మనవడే కదండీ’ అన్నాడు.”

“ఖళ్ ఖళ్.”

“నవ్వుతున్నావా?”

“లేదు లేదు. పొలమారింది.”

“పసుపు వాళ్లని కదా చెప్పావు!”

“నాన్నది పసుపు. నాయనమ్మది హోటల్. చెప్పలేదా?”

“చెప్పలేదు!”

“చెప్పాననుకున్నానే. సరే, తెలిసింది కదా, వెళ్లి ఆవిణ్ణి క్షమించమని అడిగారా?”

“మంచివాడైతే అదే చేస్తాడు. నేను పేజీ చింపడానికి వెళ్లాను.”

“చింపారా!”

“ఆవిడ ఎవరికో చిల్లర ఇస్తుంటే, మెల్లగా పుస్తకం అందుకున్నాను. పేజీ సగం వచ్చింది. ఆ దారం పొట్టిది. లాగేసరికి గల్లాపెట్టె మీది సోంపు గిన్నె పల్టీ కొట్టింది. సోంపంతా నేల మీద. హోటల్ మొత్తం నా వంకే చూస్తోంది. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. కొబ్బరి కోరే చెయ్యి, పట్టు ఊడలేదు. ‘ఏంటి మాస్టారూ ఇది’ అంది.”

“ఏం చెప్పారు?”

“‘మూడో కారణంలో చిన్న పొరపాటు దొర్లిందండి, ఇంటికెళ్లి దిద్ది తెస్తాను’ అన్నాను.”

“నమ్మిందా?”

“సోంపు ఏరమంది.”

“ఏరారా?”

“మోకాళ్ల మీద. ఏ చోట నిలబడి న్యాయం గురించి మాట్లాడానో సరిగ్గా ఆ చోటే. పాపం, ఆ వడ్డించే ఆయన కూడా పక్కన కూచుని ఏరాడు.”

“ఆ తర్వాత ఇంటికి తాళం.”

“తాళమూ లేదు, ఇల్లూ లేదు. ఆ సందు వంక తలెత్తి చూస్తే ఒట్టు. బస్టాండుకి వచ్చేశాను. రైలుకైతే స్టేషన్లో కూచోవాలి, ఎవరన్నా గుర్తుపడతారని. దారంతా ఒకటే ఆలోచన, కౌముదికి ఏం చెప్పాలి? పొద్దున బయల్దేరుతుంటే పిల్ల ఫోన్ చేసి ఒక్కటంటే ఒక్కటి అడిగింది. ‘నాన్నా, అక్కడ ఎవరితోనూ గొడవ పడకు’ అని. నన్నెప్పుడూ ఏదీ అడగని పిల్ల. దాని పెళ్లి రెండిడ్లీలకి పాడుచేసి వచ్చాను. యాభై ఆరేళ్లొచ్చాయి, నాలుకని కట్టేసుకోలేని వెధవని. తినేటప్పుడూ కట్టేసుకోలేను, మాట్లాడేటప్పుడూ కట్టేసుకోలేను. ఒకవేళ ఎప్పుడన్నా ఆగితే అది నోటినిండా చట్నీ ఉన్నప్పుడే.”

“మిమ్మల్ని మీరు అలా తిట్టుకోకండి. కాఫీ తాగుతారా? పొయ్యి మీద పాలు పెట్టాను.”

“కాఫీ ఏం దిగుతుంది ఇప్పుడు? ఆవిడ దగ్గర నా నంబరుంది. ఏ క్షణానైనా ఫోన్ చేసి సంబంధం వద్దంటుంది.”

“చేసింది.”

“ఎవరు?”

“సుబ్బాయమ్మ గారు. మీరు బస్సులో ఉండగానే. మీకు కాదు, నాకు.”

“నీకు ముందే తెలుసా ఇదంతా? మరి తాళం గేటుకా తలుపుకా అని అడిగావు!”

“మీరేం చెబుతారో విందామని.”

“అయిపోయింది. ఏమని తిట్టింది?”

“ఆదివారం పదింటికి వస్తున్నారు. శ్రీకర్, వాళ్లమ్మానాన్నా, ఆవిడా.”

“దేనికి?”

“పెళ్లిచూపులకి కాకపోతే దేనికండీ? ‘మీ ఆయన అరుస్తాడమ్మా. కానీ అరిచింది నా మీద, మా వడ్డించే మనిషిని పల్లెత్తు మాట అనలేదు. బకెట్ చూశాక సిగ్గుపడి నా తరఫున అరిచాడు. ప్లేటులో మెతుకు లేదు. సోంపు ఒక్క గింజ వదలకుండా ఏరాడు. మా వాడికి ఇలాంటి మావగారు ఉండొచ్చులే’ అంది.”

“అలా అందా? సుశీలా, నిజంగా అలా అందా?”

“ఆ మూడో కారణం మాత్రం దిద్ది తెమ్మంది.”

“తెస్తాను! కొత్త పేజీలో రాసిస్తాను! అంటే నా మాటల్లో పస ఉందన్నమాట. నాకు అప్పుడే అనిపించింది, ఆ రెండో ఉపన్యాసం...”

“ఇంక ఎగరకండి. ముందు కౌముదికి ఫోన్ చేసి చెప్పండి.”

“చేస్తాను, చేస్తాను. ఒక్కటి మాత్రం అంతుపట్టట్లేదు. పక్క టేబుల్‌కి మూడోసారి పోసింది. ఎదురు టేబుల్‌కీ పోసింది. ఆ బోర్డుని అక్కడ ఆవిడే లెక్కచెయ్యట్లేదు. నా ఒక్కడికే ఎందుకు కాదంది?”

“నేనే వద్దన్నాను.”

“నువ్వా!”

“నిన్న ఫోన్లో మీ ఆయన ఎలాంటివాడమ్మా అని అడిగింది. మీ ఫోటో పంపి, ‘నేను చెబితే ఏం తెలుస్తుంది పెద్దమ్మా, పొద్దున్నే ఖాళీ కడుపుతో పంపుతాను, మూడోసారి చట్నీ వెయ్యకండి, గంటలో మనిషి మొత్తం మీ ముందుంటాడు’ అన్నాను.”

“...గ్యాస్ అయిపోలేదు.”

“అయిపోలేదు.”

“అన్యాయం కదే! అది చూసి ఆవిడ ఛీ కొట్టి ఉంటే? పిల్ల గతేంటి?”

“చివరిదాకా చూసినవాళ్లు ఛీ కొట్టరని నాకు తెలుసు. మీరు బాపట్లలో ట్రైనింగులో ఉండగా మా నాన్న మిమ్మల్ని చూడ్డానికొచ్చాడు. మీకు చెప్పకుండా, హోటల్లో మీ వెనక బల్ల దగ్గర కూచున్నాడు. ఇంటికొచ్చి, ‘చట్నీ కోసం హోటల్ వాడితో పోట్లాడుతున్నాడమ్మా, ఈ సంబంధం మనకొద్దు’ అన్నాడు.”

“మీ నాన్నా? ముప్పై ఏళ్లుగా నాకీ ముక్క చెప్పలేదే! మరెలా ఒప్పుకున్నాడు?”

“‘ఆయన లేచి వెళ్లాక ప్లేటు ఎలా ఉంది నాన్నా’ అని అడిగాను. అద్దంలా ఉందన్నాడు. అయితే నాకు ఆయనే కావాలన్నాను.”